మీకు తెలుసా? చిత్తూరు సీమలో హైదర్ పేరు

మైసూరు నేలిన హైదర్ అలీ ఎక్కడ చనిపోయాడని అడిగితే చాలామంది శ్రీరంగపట్నం అనేస్తారు. సమాధి అక్కడుంది కాబట్టి అలా అనుకోవడం సహజమే. కానీ ఆయన కన్నుమూసింది మన చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట దగ్గర దిగిన దండులో. తేదీ 1782 డిసెంబర్ 7. ఇంత పెద్ద సంగతి మన గడప ముందే జరిగిందని మనవాళ్ళలోనే ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈసారి కబుర్లన్నీ ఆ ఒక్క పేరు చుట్టూనే. హైదర్ అనే పేరు అరేబియాలో ఒక తల్లి నోట పుట్టింది. పారశీకం మీదుగా దక్కనుకు చేరింది. దామలచెరువు కనుమలో, గుర్రంకొండ కోటలో, చంద్రగిరిలో దాని ఆనవాళ్ళున్నాయి. ఆఖరికి అది అమెరికా ఓడ మీదికీ ఎక్కింది.

◆ ఈ పేరు మొదట ఎవరిది?

ప్రవక్త ముహమ్మద్‌ను పెంచిన అబూ తాలిబ్ కొడుకు, ప్రవక్త కూతురు ఫాతిమాకు భర్త అయిన అలీది. అరబ్బీలో హైదర్ అంటే సింహం. అలీ తల్లి పేరు ఫాతిమా బింత్ అసద్, అంటే అసద్ అనే ఆయన కూతురు. అసద్ అన్నా సింహమే. బిడ్డ పుట్టినప్పుడు తండ్రి దగ్గర లేడు. తల్లి తన తండ్రి పేరును తలుచుకుని బిడ్డను హైదర్ అని పిలుచుకుంది. తర్వాత తండ్రి వచ్చి అలీ అని పెట్టాడు. ఇది ముస్లింలు తరతరాలుగా చెప్పుకునే గాథ. పుట్టింటి పేరు బిడ్డ రూపంలో నిలవాలని కోరుకునే తల్లులు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు కనుక దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. 628లో ఖైబర్ కోట ముట్టడి జరిగినప్పుడు మర్హబ్ అనే పేరుమోసిన యోధుడి ముందు నిలబడి, అలీ అమ్మ పెట్టిన ఆ పేరునే చెప్పుకుని తలపడ్డాడంటారు. అప్పటి నుంచి హైదర్ అంటే వీరుడికి మారుపేరైంది.

అలీ 656 నుంచి 661 దాకా నాలుగో ఖలీఫాగా ఉన్నాడు. కూఫా మసీదులో కత్తిదెబ్బ తిని చనిపోయాడు. ఇరాక్‌లోని నజఫ్‌లో ఆయన సమాధి ఉంది. ఆయన కొడుకులే హసన్, హుస్సేన్. 680లో కర్బలాలో హుస్సేన్ బలైన రోజు మొహరం నెలలో పదోది. మన పీర్ల పండగకు మూలం అదే.

◆ ఒకే మనిషి బిరుదులు, ఒకరి నెత్తురు కళ్ళచూసిన ఇంకొకరు

అలీకి హైదర్ ఒక్కటే కాదు, బిరుదులు చాలా ఉన్నాయి. దేవుడి సింహమని అసదుల్లా. దేవుడు మెచ్చినవాడని ముర్తజా. శత్రువుల బారులు చీల్చేవాడని సఫ్దర్. ఈ మాటలు గుర్తుంచుకుని ఆర్కాటు నవాబుల వంశం చూడండి. చిత్తూరు, చంద్రగిరి, తిరుపతి ప్రాంతాలన్నీ అప్పట్లో వాళ్ళ ఏలుబడిలోవే.

1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్. దోస్త్ అలీ అంటే అలీకి నేస్తం. ఆయన పెద్ద కొడుకు సఫ్దర్ అలీ, ఇంకో కొడుకు హసన్ అలీ. అల్లుడు చందా సాహెబ్‌ని మనం ఆ పేరుతోనే ఎరుగుదుం. అసలు పేరు హుస్సేన్ దోస్త్ ఖాన్. ఇల్లంతా అలీ, ఆయన బిడ్డల పేర్లే అన్నమాట. ఆ ఏడు మే నెలలో రఘోజీ భోంస్లే వెంట మరాఠా గుర్రపు దండు దక్షిణానికి వచ్చింది. నవాబు ఎదురెళ్ళి దామలచెరువు కనుమ దగ్గర కాపు కాశాడు. పాకాల దగ్గరి దామలచెరువే, ఇప్పుడు మామిడికాయల మండీకి పేరుపడ్డ ఊరు. మరాఠాలు మరో దారిన కొండలు దాటి వెనక నుంచి వచ్చి పడ్డారు. దోస్త్ అలీ, హసన్ అలీ ఇద్దరూ ఆ పోరులోనే పోయారు. కర్ణాటక యుద్ధాలని పుస్తకాల్లో చదువుకుంటామే, అక్కడికి దారితీసిన కల్లోలం మొదలైంది ఈ కనుమలోనే. వేసవిలో మామిడి లోడు లారీలు బారులు తీరే ఆ రోడ్డు మీద వెళ్ళేటప్పుడు ఒకసారి ఆ కొండల వైపు చూడండి. ఒక నవాబు కుటుంబానికి ఎదురుదెబ్బ తగిలిన చోటు అది.

తండ్రి తర్వాత సఫ్దర్ అలీ గద్దెనెక్కాడు. మూడేళ్ళు తిరగకుండానే, 1742లో వేలూరు కోటలో ఆయన్ని చంపించాడు సొంత బంధువు. ఆ బంధువు పేరు ముర్తజా అలీ. సఫ్దర్, ముర్తజా రెండూ ఒకే అలీ బిరుదులు. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

◆ తిరుమల ఆలయంలో తోడరమల్లు రాగి విగ్రహం ఉంది. పక్కన తల్లి మాతా మోహనాదేవి, భార్య పితాబీబీ విగ్రహాలు కూడా ఉన్నాయి. ఈ తోడరమల్లు అక్బరు దగ్గరి మంత్రి కాదు. దోస్త్ అలీకి ముందు ఆర్కాటు నేలిన సాదతుల్లా ఖాన్ కొలువులో పనిచేసిన మరో తోడరమల్లు. అదే నవాబు సైన్యంలో అగ్గిబాణాల దళానికి నాయకుడిగా ఫతే ముహమ్మద్ అనే ఆయన కూడా కొంతకాలం చేశాడు. ఆ ఫతే ముహమ్మద్ కొడుకే హైదర్ అలీ.

◆ ఎర్ర కుళ్ళాయి పెట్టించిన హైదర్

మన హైదర్‌కు మూడు వందల ఏళ్ళ ముందు పారశీకంలో మరో హైదర్ ఉన్నాడు. అర్దబీల్ సూఫీ పీఠానికి పెద్ద, షేక్ హైదర్. తన శిష్యులకు పన్నెండు మడతల ఎర్ర కుళ్ళాయి పెట్టించాడు. పన్నెండు మడతలు పన్నెండుమంది ఇమాములకు గుర్తు. ఆ టోపీల వల్లే ఆ దళానికి కిజిల్‌బాష్, అంటే ఎర్రతలలవాళ్ళు అని పేరొచ్చింది. షేక్ హైదర్ 1488లో యుద్ధంలో చనిపోయాడు. ఆయన కొడుకు ఇస్మాయిల్ 1501లో సఫవీ సామ్రాజ్యం స్థాపించి ఇరాన్‌ను షియా రాజ్యంగా మార్చాడు. ఆ గాలి దక్కనుకూ వీచింది. బిజాపురం సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా తన సైనికుల చేత కూడా పన్నెండు మడతల టోపీ పెట్టించాడు. గోల్కొండ కుతుబ్‌షాహీలూ షియాలే.

◆ హైదరాబాద్ పేరులోని హైదర్ ఎవరు?

మైసూరు హైదర్ అలీ కాదు. ఆయన పుట్టడానికి నూట పాతికేళ్ళకు పైగా ముందే, 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా ఆ నగరానికి పునాది వేశాడు. హిజ్రీ 1000వ సంవత్సరం మొదలైనది ఆ ఏడే. భాగమతి కథ అందరూ చెప్పుకుంటారు, ఆమెకు హైదర్ మహల్ అనే బిరుదు ఉండేదని కూడా అంటారు. ఆ కథను హారూన్ ఖాన్ షేర్వానీ లాంటి చరిత్రకారులు ఒప్పుకోలేదు. హైదర్ అంటే ఇక్కడ హజ్రత్ అలీయే అన్నది వాళ్ళ మాట. షియా సుల్తాను కట్టిన ఊరు, ఊళ్ళో బాదుషాహీ ఆషూర్‌ఖానా, ఊరవతల మౌలాలి గుట్ట... ఇవన్నీ చూస్తే నాకూ అదే సబబనిపిస్తుంది.

పాకిస్తాన్‌లో సింధు నది ఒడ్డున ఇంకో హైదరాబాద్ ఉంది. దాన్ని 1768లో గులాం షా కల్హోరా కట్టించాడు. దానికీ అలీ బిరుదే ఆధారం. మైసూరు హైదర్ మాత్రం ఒక ఊరికి తన పేరే పెట్టుకున్నాడు. 1763లో మలెనాడులోని బిదనూరును గెలిచి హైదర్‌నగర్ అన్నాడు. కాలక్రమంలో ముందున్న హైదర్ రాలిపోయి ఉత్త ‘నగర’ మిగిలింది. శివమొగ్గ జిల్లాలో ఇప్పటికీ ఆ ఊరి పేరు నగరే.

◆ హైదర్ అలీకి తెలుగు వచ్చు

ఆయన పుట్టిన బూదికోట కోలారు జిల్లాలో, మన పలమనేరు, కుప్పం సరిహద్దులకు దగ్గరగా ఉంది. కన్నడం, తెలుగు ఒకే వీధిలో వినబడే సీమ అది. హైదర్ చదువుకోలేదు. ఒక్క అక్షరం ముక్క రాకపోయినా కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, దక్కనీ ఉర్దూ మాట్లాడేవాడు. ఒకేసారి అనేకమంది లేఖకులకు వేరువేరు ఉత్తరాలు చెప్పి రాయించగల జ్ఞాపకశక్తి ఆయనది. సంతకం పెట్టాల్సి వస్తే తన పేరులోని మొదటి అరబ్బీ అక్షరం ఒక్కటే గీసేవాడని చరిత్రకారులు రాశారు.

◆ ఒక పక్క శివపార్వతులు, ఇంకో పక్క ఆ అక్షరం

ఆ అక్షరమే ఆయన బంగారు వరహా మీదికీ ఎక్కింది. ఈ నాణేన్ని దగ్గర నుంచి చూడాలి. చిటికెన వేలి గోరంత ఉంటుంది, బరువు మూడున్నర గ్రాములకు లోపే. ఒక పక్క పక్కపక్కనే కూర్చున్న శివుడు, పార్వతి. శివుడి చేతిలో త్రిశూలం కనిపిస్తుంది. నాణెం తిప్పితే వెనక అంతా ఆవగింజలు చల్లినట్టు సన్నని చుక్కలు. ఆ చుక్కల నడుమ వంపు తిరిగిన ఒకే ఒక్క అక్షరం, హైదర్‌లోని మొదటిది. రాజు పేరు లేదు, బిరుదులు లేవు, ఊరు లేదు.

బిదనూరును ఏలిన కెళది నాయకుల వరహాల మీద శివపార్వతులు ఉండేవారు. ఆ సీమ గెలిచాక హైదర్ ఆ బొమ్మను చెరిపేయలేదు. బజారులో జనం నమ్మి పుచ్చుకునే నాణేన్ని మార్చితే వ్యాపారం దెబ్బతింటుందన్న లెక్క అందులో ఉందని కొందరంటారు. ఉండొచ్చు. లెక్క ఏదైనా, అలీ బిరుదులోని అక్షరమూ ఆదిదంపతుల బొమ్మా ఒకే బంగారు ముక్క మీద ఏళ్ళ తరబడి చేతులు మారాయి. దీన్ని బహదూరీ హొన్ను అనేవాళ్ళు. నాణేలు సేకరించేవాళ్ళు ఇప్పటికీ దీన్ని అపురూపంగా చూసుకుంటారు.

◆ రూపాయిని చిల్లర చేస్తే ఇమాముల పేర్లు

హైదర్ కొడుకు టిప్పు సుల్తాన్ ఇంకో అడుగు ముందుకేశాడు. తన వెండి నాణేలకు వరసగా పేర్లు పెట్టాడు. రెండు రూపాయల నాణెం హైదరీ. రూపాయి ఇమామీ. అర్ధరూపాయి ఆబిదీ. పావలా బాకిరీ. బేడ జాఫరీ. అణా కాజిమీ. హైదర్ అంటే మొదటి ఇమాం అలీ. జైనుల్ ఆబిదీన్, బాకిర్, జాఫర్, కాజిమ్ నాలుగు నుంచి ఏడు దాకా ఇమాములు. అంటే నాణెం విలువ సగానికి సగం తగ్గే కొద్దీ ఇమాముల వరస ముందుకు నడుస్తుంది. టిప్పు సున్నీ, అయినా షియాలు కొలిచే ఇమాముల వరసను నాణేలకు పెట్టుకున్నాడు. అలీ మీద భక్తి ఏ ఒక్క శాఖ సొత్తూ కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు. పైగా హైదరీ అన్న మాటలో కన్నతండ్రి పేరూ కలిసొచ్చింది.

◆ గుర్రంకొండ, కడప, చంద్రగిరి

మదనపల్లె నుంచి రాయచోటి వెళ్ళే దారిలో నిటారుగా లేచిన కొండ, కింద రంగిణి మహల్ కనిపిస్తాయి. అదే గుర్రంకొండ. చాలాకాలం ఈ కోట హైదర్ బావమరిది మీర్ రజా అలీ ఖాన్ చేతిలో ఉంది. టిప్పుకు మేనమామ. ఆయన గోరీ గుర్రంకొండలోనే ఉంది, మక్బరా అంటే ఊళ్ళో ఎవరైనా చూపిస్తారు. టిప్పు తల్లి ఫఖ్రున్నిసా కడప కోటకు అధికారిగా చేసిన మీర్ మొయినుద్దీన్ కూతురు. ఆ లెక్కన టిప్పుకు అమ్మమ్మగారిల్లు రాయలసీమే.

1779లో హైదర్ సిద్ధవటంలో కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్‌ను లొంగదీసుకుని ఆ రాజ్యం కలుపుకున్నాడు. 1782లో చంద్రగిరి కోట ఆయన వశమైంది. 1792లో శ్రీరంగపట్నం సంధి దాకా అది మైసూరు చేతిలోనే ఉంది. తిరుపతి నుంచి పట్టుమని గంట ప్రయాణం లేని కోట పదేళ్ళపాటు హైదర్, టిప్పుల కోట. సౌండ్ అండ్ లైట్ షో చూసొచ్చే మనం చంద్రగిరిలో విజయనగర రాయల గురించి వింటాం. ఈ పదేళ్ళూ కూడా ఆ గోడలవే.

◆ కుశస్థలి వరద

1780 వేసవి ముగిసే వేళకు హైదర్ పెద్ద సైన్యంతో కనుమలు దిగి ఆర్కాటు సీమ మీద పడ్డాడు. కల్నల్ బెయిలీ అనే ఇంగ్లీషు అధికారి మన గుంటూరు నుంచి బలగంతో బయల్దేరి, కంచిలో ఉన్న పెద్ద సైన్యాన్ని కలుసుకోవాలి. దారిలో కొర్తలై నది పొంగింది. మన నగరి వైపు నుంచి పోయే కుశస్థలి నీళ్ళు కలిసేది ఆ ఏట్లోకే. వరద తగ్గేదాకా బెయిలీ గట్టున ఆగిపోయాడు. ఆ కొన్ని రోజులే ఆయన కొంప ముంచాయి. సెప్టెంబర్ 10న పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పు కలిసి ఆ బలగాన్ని తుడిచిపెట్టారు. శ్రీరంగపట్నంలో దరియా దౌలత్ బాగ్ గోడ నిండా ఆ యుద్ధం బొమ్మ ఉంది. వెళ్ళినవాళ్ళు ఏనుగు మీది హైదర్‌ను వెతుక్కోవచ్చు.

◆ ఒక మరణాన్ని దండు మొత్తం నుంచి దాచారు

రెండేళ్ళ యుద్ధం తర్వాత 1782 చలికాలానికి హైదర్ చిత్తూరు పక్కన దండు దించాడు. వీపు మీద రాచపుండు లేచింది. వైద్యులు చేయగలిగింది లేకపోయింది. టిప్పు ఎక్కడో మలబారు తీరంలో పొన్నాని దగ్గర ఇంగ్లీషువాళ్ళతో పోరాడుతున్నాడు.

మీర్ హుస్సేన్ అలీ ఖాన్ కిర్మాణీ ‘నిషానె హైదరీ’ అనే గ్రంథం రాశాడు. అందులో ఆయన రాసిన దాని ప్రకారం, ఆఖరి సాయంత్రం హైదర్ ఇవాళ ఏ రోజని అడిగాడు. జిల్‌హజ్ నెల ఆఖరని, రాత్రికి మొహరం నెలవంక అని చెప్పారు. స్నానం చేయించమన్నాడు. ప్రార్థన చేసుకున్నాడు. ఆ రాత్రే పోయాడు. పంచాంగం లెక్క కట్టి చూసినా 1782 డిసెంబర్ 7 సరిగ్గా హిజ్రీ 1197 మొహరం ఒకటో తేదీయే. అలీ బిరుదు మోసిన మనిషి అలీ కొడుకు కోసం లోకం కన్నీరు పెట్టే నెల మొదటి రోజున వెళ్ళిపోయాడు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. రాజు పోయాడని తెలిస్తే దండు చెదిరిపోతుంది. వారసుడు దూరంగా ఉన్నాడు. ఇంగ్లీషువాళ్ళు మద్రాసులో కాచుకుని కూర్చున్నారు. కొలువులో పెద్ద తలకాయలైన పూర్ణయ్య, కృష్ణారావు ఒక మాట అనుకున్నారు. శవాన్ని సుగంధ చూర్ణం నింపిన పెట్టెలో పెట్టించి, ఖజానా తరలిస్తున్నట్టు కాపలా ఇచ్చి కోలారుకు పంపించారు. తండ్రి ఫతే ముహమ్మద్ సమాధి అక్కడే ఉంది. దండులో మాత్రం రోజూ జరిగేదే జరిగింది. హైదర్ డేరా ముందు పహరా మారలేదు. హుకుంలు ఆయన పేరనే వెలువడ్డాయి. తెరలు దించిన పల్లకీ, లోపల ప్రభువున్నట్టే ముందుకు కదిలింది. సైనికులు దాని వెనకే నడిచారు.

గుట్టు పసిగట్టినవాళ్ళు లేకపోలేదు. ముహమ్మద్ అమీన్ అనే బంధువు హైదర్ రెండో కొడుకు అబ్దుల్ కరీంను గద్దెనెక్కించాలని కుట్ర పన్నాడు. మంత్రులు అతన్ని పట్టుకుని సంకెళ్ళు వేశారు. మద్రాసులో గవర్నర్ మెకార్ట్‌నీకి హైదర్ పోయాడన్న వార్త చేరింది. వెంటనే దాడి చేయమని జనరల్ స్టూవర్ట్‌ను తొందరపెట్టాడు. స్టూవర్ట్ కదలలేదు. ఈలోగా పొన్నానికి వెళ్ళిన వార్తాహరులు టిప్పును కలిశారు. ఆయన ఆఘమేఘాల మీద తూర్పుకు వచ్చి పగ్గాలు పట్టుకున్నాడు. ఒక్క తూటా పేలకుండా రాజ్యం చేతులు మారింది.

దీంట్లో నన్ను పదేపదే కదిలించేది పూర్ణయ్య పాత్ర. మాధ్వ బ్రాహ్మణుడు. ఒక ముస్లిం ప్రభువు శవాన్ని ఆయన కొడుకు వచ్చేదాకా కాపాడి, రాజ్యాన్ని పదిలంగా అప్పగించాడు. ఈనాడు చిత్తూరు నుంచి కోలారు వెళ్ళేవాళ్ళు మొగిలి ఘాటెక్కి, పలమనేరు, ముళబాగిలు మీదుగా రెండు మూడు గంటల్లో చేరిపోతారు. ఆ దారిన పోతున్నప్పుడు ఆ పెట్టెను మోసిన మనుషులు నాకు గుర్తొస్తారు. తమ భుజాల మీద ఏముందో వాళ్ళలో ఎందరికి తెలుసు!

తర్వాత ఆ శవాన్ని కోలారు నుంచి శ్రీరంగపట్నం చేర్చి, టిప్పు దాని మీద గుంబజ్ కట్టించాడు. ఇప్పుడక్కడ హైదర్, ఫఖ్రున్నిసా, 1799 మే 4న యుద్ధంలో కూలిన టిప్పు, ముగ్గురి సమాధులూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

◆ అమెరికా ఓడకు హైదర్ పేరు

హైదర్ చనిపోయిన 1782లోనే, ఏప్రిల్ 8న, అమెరికాలో డెలవేర్ అఖాతంలో ఒక నౌకాయుద్ధం జరిగింది. అమెరికా అప్పటికి ఇంగ్లండుతో స్వాతంత్ర్య పోరాటంలో ఉంది. పెన్సిల్వేనియా రాష్ట్రం వర్తక నౌకల కాపలాకు దించిన ఓడ పేరు ‘హైదర్ అలీ’. పదహారు ఫిరంగులు. కెప్టెన్ జాషువా బార్నీ వయసు అప్పటికి 22. ఎదురుగా తనకన్నా బలమైన ఇంగ్లీషు యుద్ధనౌక ‘జనరల్ మంక్’. బార్నీ దాన్ని అరగంటలోపే లొంగదీసుకున్నాడు. ఫిలిప్ ఫ్రెనో అనే అమెరికా కవి ఆ గెలుపు మీద పాట కట్టాడు. ఇంగ్లీషువాళ్ళను గడగడలాడించినవాడి పేరు పెట్టుకుంటే తమకూ కలిసొస్తుందని అమెరికన్లు అనుకున్నారు. వాళ్ళు ఆ ఓడకు ఆ పేరు పెట్టేనాటికి అసలు హైదర్ ఆర్కాటు సీమలో, మన పొలిమేరల్లోనే గుర్రం మీదున్నాడు.

◆ మరికొందరు హైదర్లు, గబగబా:

బాబరుకు పినతల్లి కొడుకు మీర్జా హైదర్ దుగ్లాత్. 1540 నుంచి పదకొండేళ్ళు కాశ్మీరాన్ని ఏలాడు. ‘తారీఖె రషీదీ’ అనే చరిత్ర రాశాడు.

1819లో లక్నోలో నవాబు హోదా వదిలి రాజుగా కిరీటం పెట్టుకున్నవాడు ఘాజీయుద్దీన్ హైదర్. ఆయన కొడుకు నసీరుద్దీన్ హైదర్.

ఇస్తాంబుల్‌లో ఆసియా వైపున్న పెద్ద రైల్వే స్టేషను పేరు హైదర్‌పాషా.

‘ఆగ్ కా దరియా’ రాసిన ఖుర్రతులైన్ హైదర్‌కు 1989 జ్ఞానపీఠం వచ్చింది.

అజర్‌బైజాన్‌ను 1993 నుంచి 2003 దాకా పాలించిన అధ్యక్షుడు హైదర్ అలియేవ్. ఇంటిపేరులో కూడా అలీయే ఉన్నాడు.

పాకిస్తాన్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం నిషానె హైదర్. అదీ అలీ పేరు మీదే.

◆ టిప్పు పేరు, మన మస్తానయ్య పేరు

హైదర్‌కూ ఫఖ్రున్నిసాకూ చాలాకాలం మగబిడ్డ లేడు. ఆర్కాటులో టిప్పు మస్తాన్ ఔలియా అనే సూఫీ గురువు దర్గా ఉంది. ఇద్దరూ అక్కడికి వెళ్ళి మొక్కుకున్నారు. బిడ్డ పుడితే ఆయన పేరే పెట్టారు. అందుకే ఫతే అలీ లోకానికి టిప్పు అయ్యాడు. ఆర్కాటు చిత్తూరుకు దూరమేమీ కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఇదంతా ఉత్తర ఆర్కాటు జిల్లాయే, దానికి ముఖ్యపట్టణం చిత్తూరే.

రాజు చేసిన ఈ పనిని మన పల్లె జనం ఇప్పటికీ చేస్తున్నారు. నెల్లూరు దగ్గరి కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందూ బిడ్డలు మస్తానయ్య, మస్తాన్ రెడ్డి, మస్తానమ్మ. నాగూరు మొక్కు అయితే నాగూరయ్య, నాగూరమ్మ. బాగ్దాదు గురువు అబ్దుల్ ఖాదిర్ జీలానీని దస్తగిరి అంటారు. ఆయన పేరు సీమలో రెడ్డి ఇళ్ళల్లోనూ వినబడుతుంది. పీర్ల మొక్కుతో పుట్టినవాళ్ళు హుస్సేనప్ప, హుస్సేనమ్మ, ఫక్కీరప్ప. ముస్లిం ఇళ్ళల్లో హైదర్ వలీ, మౌలాలి, హుస్సేన్ పీరా. మొహరం వచ్చిందంటే ఈ పేర్లవాళ్ళంతా ఒకే పీర్లచావిడి ముందు చేరతారు. చక్కెర చదివింపులు ఇస్తారు, గుండం చుట్టూ అలావ ఆడతారు. పీర్లు ఎత్తుకునేవాళ్ళలో, డప్పు కొట్టేవాళ్ళలో హిందువులే ఎక్కువున్న ఊళ్ళు రాయలసీమలో ఎన్నో ఉన్నాయి.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలా మొక్కుతో వచ్చిన పేరున్న పెద్దవాళ్ళుంటే, ఆ మొక్కు ఏ దర్గాకు, ఎందుకు కట్టుకున్నారో వాళ్ళనే అడిగి రాసి పెట్టుకోండి. ఆ తరంవాళ్ళు పోతే చెప్పేవాళ్ళు ఉండరు.